పాత బండికి కొత్త మీటరు

ప్రత్యేక సంచికకు ఏదో ఒకటి రాసి తీరవలసిందేనని మన కార్యదర్శి గారు రెండుసార్లు ఫోను చేశారు. పే రివిజన్ల గురించి, కరువు భత్యం బకాయిల గురించి సాధికారంగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. తీర్థయాత్రల సంగతులు ఎలాగూ వస్తాయి. అందుచేత నేను వేరే దారి పట్టి, కారు మీటరు గురించి రాస్తున్నాను. నాకు ఈ జన్మలో సొంత కారు లేదు. ఒక స్కూటరు ఉండేది. దాని మీటరు ముల్లు కొన్న మూడో ఏడు నుంచి అమ్మేసేదాకా సున్నా మీదనే ఉంది. అయినా ఈ విషయం మీద రాయడానికి నాకు కొంత అర్హత ఉందని చివరిదాకా చదివినవారు ఒప్పుకుంటారనుకుంటాను.

నిరుడు ఆరు నెలలు అమెరికాలో, నార్త్ కెరొలైనాలో ఉన్న మా అమ్మాయి దగ్గర గడిపాను. మా అల్లుడికి ఒక పాత కారు పిచ్చి ఉంది. రోజూ ఆఫీసుకు వెళ్లే కారు వేరు. ఇది ఇద్దరు మాత్రమే కూర్చోగల, పైకప్పు గుడారంలా మడిచిపెట్టుకునే చిన్న బండి. 1991 నాటి మాజ్దా మియాటా. మాజ్దా అంటే మనకు స్వరాజ్ మాజ్దా వ్యానే గుర్తుకొస్తుంది గాని, జపానులోని హిరోషిమా కంపెనీవారు 1989 ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనలో ఈ చిన్న బండిని బయటపెట్టినప్పుడు పెద్ద సంచలనమే అయిందట. ఇంజను 1.6 లీటర్లు. బరువు టన్నుకు కొంచెం తక్కువ. స్విచ్చి నొక్కితే ముందు దీపాలు కప్ప కళ్లలా పైకి లేస్తాయి. తరువాతి నమూనాలన్నీ కలిపి 2016 నాటికి పది లక్షల బళ్లు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అంతగా అమ్ముడైనది మరొకటి లేదు.

ఆ బండిలో వేగం చూపే ముల్లు వణుకుతోంది. తిరిగిన మైళ్లు లెక్కపెట్టే అంకెల చక్రాలు ఎప్పుడో ఆగిపోయాయి. అల్లుడు మొదట కేబుల్ విప్పి నూనె పట్టించాడు. లాభం లేకపోయింది. పాత సామాన్ల యార్డులో అదే రకం బండి, కాని 1996 నాటిది, దొరికితే దాని మీటర్ల పెట్టె మొత్తం విప్పి తెచ్చాడు. దాన్ని వాళ్లు క్లస్టర్ అంటారు. వేగం, ఇంజను చుట్లు, ఆయిలు ప్రెషరు, వేడి, పెట్రోలు చూపే అయిదు గుండ్రటి డయళ్లు ఒకే పెట్టెలో ఉంటాయి.

“నాలుగు స్క్రూలు మామయ్యగారూ, మధ్యాహ్నం భోజనానికి అయిపోతుంది” అన్నాడు. అది మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ గ్యారేజీలో స్టూలు వేసుకుని టార్చిలైటు పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ తీరికలోనే దీని పూర్వాపరాలు తెలుసుకున్నాను.

బండి తిరిగిన దూరాన్ని బండి చేతనే చెప్పించాలనే ఆలోచన రెండు వేల ఏళ్ల నాటిది. రోమను వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథంలో ఒక బండిని వర్ణించాడు. చక్రం ఒకసారి తిరిగితే పన్నెండున్నర అడుగులు. నాలుగు వందల సార్లు తిరిగితే అయిదు వేల అడుగులు, అంటే ఒక రోమను మైలు. మైలు పూర్తి కాగానే పళ్ల చక్రాల ద్వారా ఒక గులకరాయి కింద ఉన్న కంచు పాత్రలో ఖంగుమని పడుతుంది. సాయంత్రం రాళ్లు లెక్కపెట్టుకుంటే చాలు. లాగ్ బుక్కు రాయడానికి ఇంతకన్నా తేలిక పద్ధతి నేను వినలేదు.

దూరం లెక్క అలా కుదిరింది గాని, వేగం లెక్క కుదరడానికి మోటారు కార్లు రావలసి వచ్చింది. 1902లో ఒట్టో షుల్జ్ అనే ఆయన, అప్పట్లో జర్మనీలో ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరవాసి, ఒక మీటరుకు పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఇంగ్లండులో చట్టం వచ్చి కార్ల వేగాన్ని గంటకు 20 మైళ్లకు కట్టడి చేసింది. కట్టడి వచ్చాక కొలత కావాలి కదా! షుల్జ్ ఉపాయం ఇది. గేరుబాక్సు నుంచి ఒక మెలికల తీగ, అంటే కేబుల్, తిరుగుతూ మీటరు దాకా వస్తుంది. దాని కొసన ఒక అయస్కాంతం. అయస్కాంతం చుట్టూ అల్యూమినియం గిన్నె. రెండూ ఒకదాన్నొకటి తాకవు. అయినా అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో విద్యుత్తు పుట్టి, గిన్నె కూడా తిరగబోతుంది. ఒక సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి లాగి పట్టుకుంటుంది. వేగం ఎంత ఎక్కువైతే ముల్లు అంత దూరం జరుగుతుంది. మన అంబాసడర్లలో, జీపుల్లో, నా స్కూటరులో ఉన్నదీ ఇదే. దాదాపు వందేళ్లు ప్రపంచమంతా ఈ గిన్నెనే నమ్ముకుని నడిచింది.

కొత్త మీటరును పాత బండిలో పెట్టే గొడవ మాజ్దాతో మొదలు కాలేదు. మా అల్లుడి స్నేహితుడు ఒకాయన దగ్గర ఎం.జి.బి. అనే బ్రిటిషు స్పోర్ట్స్ కారు ఉంది. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్ ఊళ్లోని ఫ్యాక్టరీలో తయారైన బండి. మియాటాకు పెదతండ్రి వంటిదనవచ్చు. చూడటానికి అన్నేళ్లూ ఒకే బండిలా ఉంటుంది. లోపల మాత్రం రెండు మూడేళ్లకొకసారి ఏదో ఒకటి మార్చారు. ఇంజను చుట్లు చూపే టాకోమీటరు 1964 దాకా కేబుల్‌తో నడిచేది, ఆ తరువాత కరెంటుతో నడిచింది. 1967 దాకా బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు, ఆ తరువాత నెగటివ్ కొసను కలిపారు. కాబట్టి తరువాతి బండి టాకోమీటరు ముందరి బండిలో అలాగే తగిలిస్తే లోపలి ట్రాన్సిస్టరు కాలిపోయే ప్రమాదం ఉంది. అదే పెట్రోలు ముల్లుకు ఈ తేడా పట్టదు. అది రెండు లోహాలు కలిపిన రేకు వేడెక్కి వంగడం వల్ల కదులుతుంది. వేడికి పాజిటివేమిటి, నెగటివేమిటి? కాని దానికి పన్నెండు వోల్టులు కాదు, పది వోల్టులే ఇవ్వాలి. ఆ పదిని సర్దిపెట్టే చిన్న డబ్బీ ఒకటి వేరే ఉంటుంది. అది పెట్టడం మరిచిపోతే ట్యాంకులో ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి, నడిరోడ్డు మీద ఆపేస్తుంది.

వేగం డయలుది మరో చిక్కు. ఎం.జి.బి. డయలు మీద, ముల్లు కింద, చిన్న అక్షరాలతో ఒక అంకె ఉంటుంది. ఒకదాని మీద 1280, మరొకదాని మీద 1000. మైలుకు కేబుల్ ఎన్నిసార్లు తిరిగితే ఈ డయలు నిజం చెబుతుందో ఆ అంకె. వెయ్యిసార్లు తిరిగే కేబుల్‌కు 1280 డయలు తగిలిస్తే, బండి అరవైలో పోతుంటే ముల్లు నలభై ఏడు దగ్గర నిలబడుతుంది. దూరం లెక్కా అదే పాళ్లలో తగ్గిపోతుంది. ముల్లు కదులుతోంది కదా అని సంతోషించేవాడు పోలీసువాడు ఆపేదాకా తెలుసుకోడు. ఇక్కడ ఒక మాట. వేగాన్ని ఉన్నదానికన్నా తక్కువ చూపడం తప్పుగాని, కాస్త ఎక్కువ చూపడం తప్పు కాదు. ఐక్యరాజ్యసమితి వారి ఐరోపా ఆర్థిక సంఘం పెట్టిన 39వ రెగ్యులేషను ప్రకారం అసలు వేగం వంద కిలోమీటర్లయితే ముల్లు 114 దాకా చూపవచ్చు, 99 మాత్రం చూపరాదు.

మా అల్లుడి పనికి వస్తే, 1991 బండికీ 1996 బండికీ కేబుల్ సంగతిలో పేచీ లేదు. ఆ నమూనా ఆగిపోయిన 1997 దాకా కేబులే. రెండో నమూనాతో వేగం కూడా కరెంటు సంకేతాలతో వచ్చింది. ఆ మీటరయితే పాత గేరుబాక్సుకు అసలు మాట అందదు. ఇక్కడ పెట్టె సరిగ్గా కూర్చుంది, ప్లగ్గులు తగులుకున్నాయి, దీపాలు వెలిగాయి. ఇంజను వేస్తే నాలుగు ముళ్లు బుద్ధిగా లేచాయి. అయిదోది, ఆయిలు ప్రెషరుది, అర్థం లేకుండా కదిలింది.

అప్పుడు తెలిసిన సంగతి నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. తొలి బళ్లలో ఆయిలు ముల్లు నిజమైన ముల్లు. ఇంజను దగ్గర ఒక సెండరు ఉండి ప్రెషరు పెరిగితే పెరిగినట్టు, తగ్గితే తగ్గినట్టు కబురు పంపుతుంది. ఇంజను వేడెక్కి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ప్రెషరు తగ్గడం సహజం. తెలియనివాడు చూస్తే కంగారుపడతాడు. 1995 నుంచి ఆ సెండరు తీసేసి ఒక మామూలు స్విచ్చి పెట్టారు. ఏదో కొంత ప్రెషరు ఉంటే చాలు, ముల్లు మధ్యకు వచ్చి కదలకుండా కూర్చుంటుంది. పైకి మీటరే. అంకెలూ ఉన్నాయి. చెప్పేది మాత్రం “ఉన్నది” లేదా “లేదు” అన్న రెండు ముక్కలే. సర్వీసులో ఇటువంటి నివేదికలు నేను వందల కొద్దీ చూశాను. ప్రతి నెలా ఒకటే వాక్యం, “పరిస్థితి సాధారణంగా ఉన్నది” అని.

కొత్త పెట్టెలోని ఆ ముల్లు పాత సెండరు చెప్పేది అర్థం చేసుకోలేదు. అల్లుడు మళ్లీ అంతా విప్పి, పాత పెట్టెలోని నిజమైన ఆయిలు డయలును తీసి కొత్త పెట్టెలో బిగించాడు. మూడు స్క్రూల పనికి రెండు ఆదివారాలు పట్టింది. ఈసారి ముల్లు ఇంజనుతోపాటు ఊపిరి పీల్చినట్టు లేచి దిగుతూ ఉంటే ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

ఇక మిగిలింది మైళ్ల లెక్క. పాత మీటరు 92,640 దగ్గర ఆగిపోయి ఉంది. యార్డు నుంచి తెచ్చిన దానిలో ఇంకెవరి బండో తిరిగిన మైళ్లు ఉన్నాయి. “చక్రాలు తిప్పి 92,640కి తెచ్చేస్తే సరి మామయ్యగారూ” అన్నాడు.

“ఆగింది ఎప్పుడు?” అని అడిగాను.

“రెండేళ్లు అయి ఉంటుంది.”

“ఆ రెండేళ్లూ బండి తిరగలేదా?”

తిరిగింది. ఎంత తిరిగిందో ఎక్కడా రాయలేదు. నేను అతన్ని స్క్రూడ్రైవరు కింద పెట్టమని, ఇంతవరకు మా ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పని ఒక సంగతి చెప్పాను. మీకూ చెబుతాను.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరాను. 1976లో మా ఆఫీసుకు ఒక పాత జీపు ఉండేది. దాని డయలు మైళ్లది. దేశంలో 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చి ఇరవై ఏళ్లయినా, ఆ జీపుకు ఆ కబురు అందలేదు. ఆ ఏడు మీటరు పాడైతే కొత్తది కొన్నారు. అది కిలోమీటర్లది. లాగ్ బుక్కులో “కొత్త మీటరు అమర్చబడినది” అని తేదీ వేసి రాసింది నేనే. పాతది మైళ్లలో, కొత్తది కిలోమీటర్లలో అన్న మాట రాయలేదు. బుక్కులో గడి పేరు “మీటరు రీడింగు” అని మాత్రమే ఉండేది. నాకు తట్టలేదు, సంతకం పెట్టిన పై అధికారికీ తట్టలేదు.

1979లో ఆడిట్ వచ్చింది. వచ్చినవారు కాగితం చూసి లెక్క కట్టారు. మీటరు మారిన తరువాత జీపు లీటరుకు ఎనిమిది ఇస్తోంది. మారక ముందు మూడేళ్లలో 24,000 తిరిగి 4,800 లీటర్లు తాగింది. అంటే లీటరుకు అయిదు. ఎనిమిది ఇచ్చే బండి అయిదే ఇచ్చిందంటే మిగతాది ఎటు పోయింది? 24,000కి మూడు వేల లీటర్లు చాలు. పద్దెనిమిది వందల లీటర్ల పెట్రోలు దుర్వినియోగం, డ్రైవరు వద్ద రాబట్టవలెను అని పేరా పడింది. ఆ సొమ్ము ఆయన ఏడాది జీతం కన్నా ఎక్కువ. లీటరుకు అయిదు మైళ్లంటే ఎనిమిది కిలోమీటర్లేనని ఈనాడు అయిదో తరగతి పిల్లవాడు చెబుతాడు. కాని అయిదు అని రాసిన చోట మైళ్లని లేదు, ఎనిమిది అని రాసిన చోట కిలోమీటర్లని లేదు. పాత డయలు ఎప్పుడో తుక్కులో పోయింది. రాయని మాటను ఆడిట్ ఎలా చదువుతుంది?

డ్రైవరు గారు నాకన్నా ముప్పై ఏళ్లు పెద్ద. చేరిన కొత్తలో నాకు క్యాంపుల్లో అన్నం వండిపెట్టిన మనిషి. “గుమాస్తా గారూ, అది మైళ్ల మీటరని మీకు తెలుసు కదా” అన్నారు ఒక్కసారి. తెలుసునని నోటితో చెబితే చెల్లదు. 1980లో ఆయన రిటైరయ్యేనాటికి జీతంలో కోతలు నడుస్తున్నాయి, గ్రాట్యుటీ ఆగిపోయింది. నేను పాత కంటింజెంట్ బిల్లుల కట్టలు విప్పడం మొదలుపెట్టాను. రికార్డు రూములో చెదలు తిన్నవి పోగా మిగిలిన వాటిలో, పద్నాలుగు నెలల తరువాత, దుకాణంవాడి వోచరు దొరికింది. వాడు చదువుకున్నవాడు కాకపోయినా, “పాత మైళ్ల మీటరు బదులు కిలోమీటర్ల మీటరు ఒకటి” అని వివరంగా రాసి రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేశాడు. పేరా ఎత్తేశారు. కోసిన సొమ్ము తిరిగి రావడానికి మరో ఏడాది పట్టింది. ఈ లోపల ఆయన ఊళ్లో కుర్చీలు అల్లి బతికారని తరువాత తెలిసింది. డబ్బు ముట్టిన రోజున ఆఫీసుకు వచ్చి నాకు కాఫీ ఇప్పించారు. తప్పు నాదేనని ఆ రోజయినా చెప్పవలసింది. చెప్పలేదు.

ఇది విన్నాక అల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఇద్దరం అక్కడి చట్టం ఏమంటుందో చూశాం. చూసి నేను ఆశ్చర్యపోయాను. 1972లోనే అమెరికా ప్రభుత్వం మైళ్ల లెక్కను వెనక్కి తిప్పడం నేరమని చట్టం చేసింది. మీటరు బాగుచేసినా, మార్చినా లెక్క ముందు ఎంత ఉందో అంతే ఉండాలి. అలా ఉంచడం వీలుకాకపోతే అంకెను సున్నాకు తేవాలి. తెచ్చి, మార్చక ముందు ఎంత ఉందో, ఏ తేదీన మార్చారో ఒక చీటీ మీద రాసి బండి ఎడమ తలుపు చట్రానికి అంటించాలి. ఆ చీటీని మోసపుద్ధితో పీకివేయడం కూడా నేరమే. 1986లో మరో చట్టం వచ్చి, బండి చేతులు మారినప్పుడు మైళ్లను యాజమాన్య పత్రం మీదనే రాయించింది. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే పక్కన పొట్టి సంతకం పెట్టాలన్న మన రూలు లాంటిదే ఇది. అంతకుముందు సంతల్లో పాత కార్ల మీటర్లు ఎంత విచ్చలవిడిగా వెనక్కి నడిచి ఉండకపోతే ఇంత పకడ్బందీగా రాస్తారు!

ఇప్పటి కార్లలో చక్రాలూ లేవు, తిప్పడమూ లేదు. లెక్క అంతా ఒక చిప్పులో ఉంటుంది. పెట్టె మారిస్తే వేరే బండి చరిత్ర దానితోపాటు వచ్చేస్తుంది. కొన్ని కంపెనీల బళ్లలో తాళం గుర్తుపట్టే సంగతి కూడా మీటర్ల పెట్టెలోనే పెట్టారు. వేరే పెట్టె పెడితే బండి తన యజమానిని గుర్తుపట్టదు, స్టార్టు కాదు. మా అల్లుడి బండి అంత తెలివైన కాలానిది కాకపోవడం మా అదృష్టం.

మీటర్లు బాగుచేసే దుకాణానికి పెట్టెను పోస్టులో పంపాం. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాం. వాళ్లు అంకెలు సున్నాకు తెచ్చి, శుభ్రం చేసి, అంటించవలసిన ఖాళీ చీటీ ఒకటి జతచేసి తిప్పి పంపారు. నేను ఇండియా తిరిగి రావడానికి నాలుగు రోజుల ముందు శనివారం నాడు దాన్ని బిగించాం. చీటీ మీద రాసే పని అల్లుడు నాకే అప్పగించాడు. “మీ దస్తూరి బాగుంటుంది మామయ్యగారూ” అన్నాడు. చెరగని సిరా కలంతో రాశాను. మార్చక ముందు రీడింగు 92,640 మైళ్లు. తేదీ. ఆ కింద, చట్టం అడగకపోయినా, పాత మీటరు సుమారు రెండు సంవత్సరములుగా పనిచేయుట లేదు అని ఇంకొక పంక్తి కూడా ఇంగ్లీషులో రాశాను. “మైళ్లు” అన్న మాట కింద గీత గీశాను. అల్లుడు సంతకం చేసి, ఎడమ తలుపు తెరిచి, చట్రం గుడ్డతో తుడిచి అంటించాడు.

తరువాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చెరువు దాకా తిప్పి తెచ్చాడు. ఇల్లు చేరేసరికి మీటరు మీద పదకొండు మైళ్లు ఉన్నాయి.